పోస్టుకార్డు మందం

కిటికీ కింద రేకు వదులైంది. బస్సు గేరు మార్చినప్పుడల్లా టకటకా కొట్టుకుంటోంది. రివెట్టు ఊడిందో, అతుకే విడిందో చూద్దామని కరుణశ్రీ చెయ్యి దానంతటదే కిందికి పోయి తడిమింది. అతుకే. గోరు దూరేంత విడిపోయి ఉంది. ఎవడో సందు లేకుండా బిగించి అతికించి ఉంటాడు అనుకుంది, అనుకోవడమే ఆలస్యం, నోట్లోకి ఆ తీపి వచ్చేసింది. బెల్లం తీపి కాదు, పండు తీపి కాదు, జింకు పూత రేకు మీద మంట పెట్టినప్పుడు లేచే తెల్లపొగ పీల్చినవాళ్లకే తెలిసిన తీపి, నాలిక మీద పైసా బిళ్ల పెట్టుకున్నట్టు చల్లగా, చిలుముగా. ఆమె ఆ పొగ పీల్చి పదిహేడేళ్లయింది. అయినా పది రోజులుగా, వొళ్లో ఉన్న ఈ ఫైలు తన బల్ల మీదికి వచ్చినప్పటి నుంచి, నాయన పాత యజమాని చెంచురామయ్య పేరు తలుచుకుంటే చాలు, నోరంతా అదే. దుర్గం కొండ కిటికీలో కాసేపు ఉండి వెనక్కి జరిగింది. వాచీలో రెండూ ఇరవై. నాలుగు లోపల ఆత్మకూరులో దిగాలి, బస్టాండులో ఎస్టీడీ బూతు నుంచి మద్రాసుకు ఫోను చెయ్యాలి. ఉదయగిరిలో మూడు రోజులుగా లైన్లు లేవు. ఫోనులో చెప్పాల్సింది ఒక్క మాటే. మొదటిది అని గానీ, రెండోది అని గానీ.

మద్రాసు గిండీలో కార్ల కంపెనీలకు సామాను పరీక్ష చేసిపెట్టే లాబరేటరీలో ఆమె ఉద్యోగం. అక్కడ టైపు చేసే మధులత శనివారం అయినా కంప్యూటరు ముందు తన కోసం కూచుని ఉంటుంది, ఐదుకు ఫ్యాక్సు పోవాలి, పోకపోతే మేనేజరు ఊరుకోడు. మధులత దగ్గరున్న ఫ్లాపీలో రెండు రిపోర్టులు. తొమ్మిది పేజీలు రెండింటిలోనూ ఒకటే, ఫలానా కారు తలుపు లోపలి రేకుల అతుకుల్లో కన్నాలు ఉన్నాయి, ఉండదగినదానికి మూడింతలు ఉన్నాయి, లాగితే అతుకు వెంబడే చిరిగింది, పనికిరావు. మొదటి రిపోర్టు అక్కడితో అయిపోతుంది. రెండోదాంట్లో ఇంకొక్క పేరా ఉంది, కన్నాలు ఎందుకు పడ్డాయో, పడకుండా ఏం చెయ్యాలో, ఐదే ఐదు లైన్లు. ఆ ఐదు లైన్లు లేకుండా పోతే అంబత్తూరులో ఆ తలుపులు చేసే సాయికిరణ్ ఫ్యాక్టరీ చేతిలోంచి కార్ల కంపెనీ ఆర్డరు జారిపోతుంది, అదొక్కటే ఆర్డరు, దాని కోసమే ఆ కొత్త మిషను, దాని కోసమే ఆ షెడ్డు. ఐదు లైన్లతో పోతే వారంలో సరిచేసుకుని మళ్లీ నవ్వుకుంటా తిరుగుతాడు. సాయికిరణ్ చెంచురామయ్య కొడుకు. అబద్ధం రాయాల్సిన పని కూడా లేదు, అదే ఆమెకు అన్నిటికంటే తియ్యగా ఉన్న సంగతి. పనికొస్తుందా రాదా చెప్పమన్నారు, ఎందుకు రాదో ఎవరూ అడగలేదు, అడగనిది రాయకపోవడం తప్పు కాదని మేనేజరే ఎన్నోసార్లు అన్నాడు. నోరు మూసుకుంటే చాలు. నోరు మూసుకున్నందుకు ఎవరు ఎవరిని ఏమన్నా అన్నారా ఎప్పుడైనా, ఆ రోజు బస్టాండులో రెండు వందల మంది నోరు మూసుకునే కదా నిలబడ్డారు.

"ఏం పని చేస్తావు పాపా?" పక్క సీట్లో అవ్వ అడిగింది, వొళ్లో సజ్జల మూట.

"రేకులు అతికినారు గదా, ఆ అతుకు గట్టిగా ఉండాదా లేదా చూస్తానవ్వా."

"దానికా మద్రాసు పొయ్యేది? మా అల్లుడు బిందెలకు మాట్లేస్తాడు. వాడు ఆరో తరగతి తప్పినాడు."

"నేను పదిహేడు చదివినాను."

"అన్నేళ్లు దేనికమ్మా, అతుక్కునిందో లేదో చేత్తో లాగితే తెలవదా?"

తెలుస్తుంది అవ్వా, చేత్తో లాగినా తెలుస్తుంది, మా నాయన గోటితో గీకి చెప్పేవాడు. లాబరేటరీలో లాగేది మిషను, అంతే తేడా. ముక్కను రెండు దవడల మధ్య పెట్టి లాగితే మంచి అతుకైతే రేకు తెగుతుంది గానీ అతుకు తెగదు. సాయికిరణ్ పంపిన ముక్కలు పన్నెండింటికి పన్నెండూ అతుకు దగ్గరే జిప్పు తీసినట్టు వచ్చేశాయి. తర్వాత అతుకును అడ్డంగా కోసి, అద్దంలా నున్నగా తోమి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసింది. దోశ. పెనం మీద పోసిన దోశ పిండి కింద నుంచి ఆవిరి పొడుచుకొచ్చి ఎట్ట కన్నాలు పడతాయో అట్ట కన్నాలు. ఎంత చదివినా ఆ కన్నాలు చూస్తే ఆమెకు దోశే గుర్తొస్తుంది, అదే నిజం కూడా. కారు రేకు తుప్పు పట్టకుండా రెండు వైపులా జింకు పూస్తారు. అట్టాంటి రేకులు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి పై నుంచి వెంట్రుకంత సన్నటి లేజరు వెలుగు కొడితే ఇనుము కరిగి రెండూ ఒకటి కావాలి. ఇనుము కరగాలంటే పదిహేను వందల డిగ్రీలు. జింకు తొమ్మిది వందలకే ఆవిరైపోతుంది. ఇనుము ఇంకా వేడెక్కుతూ ఉండగానే రెండు రేకుల మధ్య ఇరుక్కున్న జింకు ఆవిరై పోయే దారి కోసం చూస్తుంది. దారి ఉంటే పక్క నుంచి పోతుంది. రేకులు సందు లేకుండా బిగించి ఉంటే ఏ దారీ ఉండదు, అప్పుడది కరిగిన ఇనుమునే చీల్చుకుని పైకి తంతుంది. పోనివ్వాలి దాన్ని, పోయేంత సందు వదలాలి. ఎంత? ఎం.టెక్‌లో ప్రొఫెసరు బోర్డు మీద రాశాడు, పాయింట్ ఒకటి నుంచి పాయింట్ రెండు మిల్లీమీటర్లు. ఇది ఇప్పుడిప్పుడే తేలుస్తున్నారు, జర్మనీలో, జపానులో అన్నాడు. క్లాసులో అందరూ రాసుకున్నారు. కరుణశ్రీ రాసుకోలేదు. హాస్టలుకు పరుగెత్తి నాయన రాసిన పోస్టుకార్డు తెచ్చి లాబులో మందం కొలిచే స్క్రూగేజీలో పెట్టి తిప్పింది. పాయింట్ రెండు. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు, బాత్రూములో కుళాయి తిప్పి పెట్టి ఏడ్చింది.

నాయన అంటే మాల్యాద్రి, ఆత్మకూరు బస్టాండు వెనక చెంచురామయ్య షెడ్డులో గ్యాసు వెల్డరు. చెంచురామయ్య బస్సు బాడీలు కట్టించేవాడు, ప్రైవేటు బస్సుల వాళ్లంతా ఆయన దగ్గరికే. మిగతా వెల్డర్లు రేకులు ఒకదానికొకటి ఆనించి అతికేవాళ్లు, జింకు రేకు వచ్చినప్పుడు అతుకంతా పుండు పుండుగా లేచేది, రేకు మంచిది కాదని తిట్టుకునేవాళ్లు. మాల్యాద్రి తిట్టుకోలేదు, చూశాడు. పాత పోస్టుకార్డులు సన్నంగా చీల్చి రెండు రేకుల మధ్య అక్కడక్కడా పెట్టేవాడు, కొసలు రెండూ మంటతో ఒక్కో చుక్క అతికి నిలబెట్టి కార్డు ముక్కలు లాగేసేవాడు. కార్డు పోయినా కార్డు మందం సందు అట్టనే ఉండేది. అప్పుడు గ్యాసు టార్చి పెడితే పొగ పక్క నుంచి బుసబుసా పోయేది, అతుకు పాము వీపు లాగా నున్నగా కూచునేది. "పొగ గూడా పొయ్యేదానికి దారి అడుగుతాది పాపా. ఇయ్యకపోతే అదే చేసుకుంటాది" అనేవాడు. ఆ పొగే సాయంత్రానికి ఆయన వొంట్లోకి దిగేది. రేకు జరం అనేవాళ్లు దాన్ని. చలి, వొణుకు, నోట్లో తీపి, ఏం తిన్నా తీపి, నీళ్లు తాగినా తీపి, పొద్దునకు మాయం. మందు పాలే. అందుకని జింకు రేకు పని ఉన్న రోజున అమ్మ శీనమ్మ సత్తు చెంబు నిండా పాలు కాచి కరుణశ్రీ చేత షెడ్డుకు పంపేది, బడి వదలగానే. చెంబు మూతి మీద చెయ్యి పెట్టుకుని తొణక్కుండా నడవడం ఆమెకు తొమ్మిదేళ్లకే వచ్చింది. ఇప్పటికీ పాలు పట్టుకుంటే చెయ్యి మూతి మీదికి పోతుంది, హాస్టల్లో నవ్వేవాళ్లు.

దుత్తలూరులో బస్సు ఆగింది. ఎవరో మేకపిల్లను ఎక్కించబోయారు, కండక్టరు దానికీ టిక్కెట్టు అన్నాడు, అది సీట్లో కూచోదు గదా అన్నాడా మనిషి, అయితే నువ్వు నిలబడు దాన్ని కూచోబెడతా అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. కరుణశ్రీ ఫుట్‌బోర్డు వైపు చూస్తోంది. ఏ బస్సు ఎక్కినా ముందు అదే చూస్తుంది. నాయన ఇందాక కూడా ఆమెను ఎక్కించే ముందు చెప్పు కాలితో ఫుట్‌బోర్డును రెండు సార్లు తట్టి చూశాడు.

ఫుట్‌బోర్డే. ఎనభై ఒకటి, వేసవి మొదట్లో, ఇంకా బళ్లు మూయలేదు. బస్సు ఓనరు వస్తున్నాడని చెంచురామయ్య తొందరపెట్టాడు. రేకుల మధ్య కార్డు ముక్కలు చూసి ఇదేందిరా పిల్లలాటగా అన్నాడు, సందు కనపడితే ఓనరు నా మొహాన ఊస్తాడు, బిగించి కొట్టు, కన్ను పెట్టి చూసినా వెలుగు రాకూడదు అన్నాడు. మాల్యాద్రి అయ్యా అన్నాడు, సందు లేకపోతే నిలవదయ్యా అన్నాడు. నువ్వా నాకు చెప్పేది అన్నాడు చెంచురామయ్య. మాల్యాద్రి కార్డులు తీసేసి, బిగించి, చెప్పినట్టు చేశాడు. జీవితంలో ఆ ఒక్కసారి చేశాడు. పైకి చూస్తే కన్నాలు కూడా కనపడకుండా ఆకురాయితో రాకి, రంగు పూసి పంపించారు. మూడో వారం అనంతసాగరం దగ్గర ఫుట్‌బోర్డు ఊడి దాని మీద నిలబడిన ముసలాయన కింద పడ్డాడు, తొడ ఎముక విరిగింది. మర్నాడు ఓనరు ఆ చిరిగిన రేకును తెచ్చి షెడ్డు ముందు పడేశాడు. అప్పుడు చెంచురామయ్య ఏం చేశాడంటే, ఇదిగో ఇక్కడికి రాగానే కరుణశ్రీ తలపు ప్రతిసారీ ఆగుతుంది, ఆగి మళ్లీ మొదటి నుంచి చూస్తుంది, చూడకుండా దాటలేదు, రేకుకు రెండు కన్నాలు పొడిపించి, బైండింగు తీగ దూర్చి, మాల్యాద్రి మెడలో వేయించాడు. బస్టాండులో కరెంటు స్తంభం దగ్గర నిలబెట్టాడు. పల్లె నుంచి వచ్చినోడికి టార్చి ఇస్తే ఇట్టనే ఉంటాది, చూడండి అందరూ, అన్నాడు. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం దాకా. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి, దిగినవాళ్లు చూస్తున్నారు. బడి వదిలి కరుణశ్రీ పాల చెంబుతో వచ్చింది, షెడ్డులో లేడు, స్తంభం దగ్గర ఉన్నాడు. రేకు అంచు మెడ మీద ఎర్రగా గీత కోసింది. నాయనా పాలు, అంది. మాల్యాద్రి చెయ్యి చాపాడు. చెంచురామయ్య అరుగు మీద నుంచి దిగి వచ్చి చెంబు తీసుకున్నాడు, తొణక్కుండా తీసుకున్నాడు, తీసుకుని స్తంభం మొదట్లో నిదానంగా వొంపాడు. దొంగపనికి పాలొకటా అన్నాడు. ఖాళీ చెంబు ఆమె చేతిలో పెట్టి, పో పాపా, ఇంటికి పో అన్నాడు, మెత్తగానే అన్నాడు. ఆ మెత్తదనమే ఆమె ఇన్నేళ్లూ మరిచిపోలేదు, కొట్టి ఉంటే మరిచిపోయేదేమో.

మాల్యాద్రి మళ్లీ టార్చి పట్టుకోలేదు. చుట్టుపక్కల ఎవరూ పట్టుకోనివ్వలేదు కూడా. కుటుంబం ఉదయగిరికి వచ్చింది, అక్కడ చెక్క గరిటెలు, స్పూనులు చేసేవాళ్లలో కలిశాడు. ఇనుము అతికిన చేతులు చెక్క చెక్కడం నేర్చుకున్నాయి. మంచి పనివాడే అయ్యాడు, గరిటె కాడ మీద ఆకులు చెక్కుతాడు, ఊరికి వచ్చిన వాళ్లు మెచ్చుకుని కొనుక్కుపోతారు. కానీ ఆయన పని చేసే చోట ఇనుప సామాను అంటే ఉలి, రంపం తప్ప ఇంకేమీ ఉండదు, నీళ్ల బకెట్టు కూడా ప్లాస్టిక్కుది.

ఇక సాయికిరణ్. పది రోజుల కింద సాంపిళ్లు తనే పట్టుకుని లాబరేటరీకి వచ్చాడు, తెల్ల చొక్కా, చేతిలో స్వీట్ల డబ్బా. ఆమె మాట వినగానే మొహం వెలిగింది. మీరు నెల్లూరోళ్లా మేడమ్, మాది ఆత్మకూరు, మా నాయన బస్సు బాడీలు కట్టిచ్చేవాడు, చెంచురామయ్యంటే ఆ సైడంతా తెలుసు అన్నాడు. తెలుసు అంది కరుణశ్రీ. చూసినారా మా నాయన్ని? చూసినాను. అయితే ఇంకేంది, మనోళ్లే, కొంచెం చూసి రాయండి మేడమ్ అన్నాడు. చూసే రాస్తాను అంది. అతను పోయాక స్వీట్ల డబ్బా మధులతకు ఇచ్చేసి చేతులు సబ్బుతో రెండు సార్లు కడుక్కుంది. చెడ్డవాడేం కాదు, అదీ తెలుసు, నవ్వు మొహం, గుమ్మం దగ్గర చెప్పులు విడవబోయాడు కూడా. అయినా సరే. చెడ్డవాడు కాకపోవడం ఆమెకు అడ్డంగా అనిపించింది, అంతే, రాయి తగిలితే పక్కకు తన్నినట్టు తన్ని పోదామనుకుంది. ముసలాయన ఇంకా ఉన్నాడట, ఆత్మకూరులోనే, పొద్దున్నే అరుగు మీద కూచుని పేపరు చదువుకుంటాడట. కొడుకు ఫ్యాక్టరీ మూతపడిందని ఎవరో వచ్చి చెప్పాలి, అతుకు నిలవలేదంట అని చెప్పాలి. పరీక్ష చేసింది ఎవరంట అని అడగాలి ఆయన. మాల్యాద్రి కూతురంట. ఆ ఒక్క మాట ఆయన చెవిలో పడే క్షణాన్ని పది రోజులుగా ఎన్ని విధాల చూసుకుందో లెక్కలేదు, పేపరు జారినట్టు, చెంబు జారినట్టు, ఎన్ని విధాల చూసుకున్నా చాలలేదు.

ఆ మాట ముందుగా నాయనకు చెప్పాలనే రెండు బస్సులు మారి వచ్చింది. పొద్దున ఆయన గరిటెకు గరుకు కాగితం పెట్టి తోముతున్నాడు. అంతా చెప్పింది, మైక్రోస్కోపు, దోశ కన్నాలు, తెల్ల చొక్కా. ఆయన తోమడం ఆపలేదు. శీనమ్మ మాత్రం చేట పక్కన పెట్టి, పాపం వాడేం చేసినాడు, తండ్రి చేసినదానికి, అంది.

"సందు సంగతి చెప్పినావా వాళ్లకి?" మాల్యాద్రి అడిగాడు.

"ఇంకా లేదు నాయనా. చెప్పాల్నా వద్దా అని..."

"చెప్పమాక."

"ఆదివారం ఆదివారం ముందు వరసలో కూచుని ప్రార్థన చేసే నోరేనా ఇది?" శీనమ్మ గయ్యిమంది.

"ప్రార్థన ప్రార్థనే. రేకు రేకే. నువ్వు ఊరుకో."

కరుణశ్రీకి గుండె నిండింది ఆ క్షణాన. ఇన్నేళ్లు ఆయన క్షమించేశాడేమోనని, తనొక్కతే ఈ పొగ మింగుతా ఉందేమోనని భయపడింది, కాదు, ఆయన నోట్లో కూడా ఉంది ఆ తీపి. ఇద్దరూ ఒకటే. ఇక ఆలోచించడానికేముంది, మొదటిది. కానీ బస్సెక్కించడానికి వచ్చి, ఫుట్‌బోర్డు తట్టి చూసి, ఆమె సీట్లో కూచున్నాక కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. బస్సు ఇంజను అదురుతోంది. "ఆ మిషను నడిపేటోడు ఎవురు?" అన్నాడు. "ఎవరో పెంచలయ్యంట" అంది. మాల్యాద్రి తల ఊపాడు, మెడ దగ్గర వేలితో రుద్దుకున్నాడు, ఆ గీత ఉన్న చోట. ఆయనకు తెలియకుండా చేసే పని అది. బస్సు కదిలింది.

ఎందుకు అడిగినట్టు. నందిపాడు దాటినా అదే. ఫైలు తెరవకూడదనుకుంటూనే తెరిచింది. అన్నిటికంటే కింద, కావాలనే కింద పెట్టిన కాగితం, సాంపిళ్లతోపాటు సాయికిరణ్ ఇచ్చిన సంజాయిషీ. అతుకుల్లో లోపం కనపడిన మాట నిజమే, ఆపరేటరు పెంచలయ్య అజాగ్రత్త వల్ల జరిగింది, అతన్ని పని నుంచి తీసేశాము, కొత్త మనిషిని పెట్టుకుంటున్నాము. పది రోజుల కింద ఇది చదివి, చదవనట్టు అడుగున తోసేసింది. తన రిపోర్టుకు సంబంధం లేదనుకుంది. ఇప్పుడు రేకు టకటకా కొట్టుకుంటున్న బస్సులో మళ్లీ చదివితే ఆ కాగితానికి రెండు కన్నాలు, కన్నాల్లో తీగ కనపడింది. మొదటి రిపోర్టు పోతే జరిగేదేమిటి. కన్నాలున్నాయి, పనికిరావు. ఎందుకు? రిపోర్టు చెప్పదు. ఎవరు చెప్తారు? ఈ సంజాయిషీ చెప్తుంది. పెంచలయ్య. ఫ్యాక్టరీ మునిగినా మునిగింది పెంచలయ్య వల్లే అంటారు, అంబత్తూరులో ఏ షెడ్డుకు పోయినా అతనేనా అంటారు. ఆ సత్తు చెంబు ఇంటికి ఖాళీగా మోసుకుపోయే పిల్ల ఒకతి అతని ఇంట్లోనూ ఉండే ఉంటుంది. చీ, అనుకుంది కరుణశ్రీ, ఎవరీ పెంచలయ్య నాకు, నేను చూశానా, అతని కోసం ఇప్పుడు చెంచురామయ్య కొడుకును వదలాల్నా. వదలను. కోపం వచ్చింది పెంచలయ్య మీదే, తన దారికి అడ్డం పడినందుకు. నోట్లో తీపి ఎక్కువైంది. కిటికీలోంచి ఉమ్మబోయి, పక్కన అవ్వ ఉందని మింగింది.

దాని పైన ఉన్న కాగితం తీసింది. మిషను మీద అంటించే ఆర్డరు కాగితం నకలు, అన్ని ఫ్యాక్టరీలూ సాంపిలుతో రెండేసి పంపుతాయి, ఒకటి ఆఫీసులోనే ఉంటుంది. వేగం ఇంత, వెలుగు బలం ఇంత, రేకుల మధ్య సందు, సున్నా. బిగింపు పూర్తిగా ఉండాలి, వెలుగు కనపడకూడదు. కింద నీలం సిరాతో సంతకం, సాయికిరణ్. వెలుగు కనపడకూడదు. కన్ను పెట్టి చూసినా వెలుగు రాకూడదు. తండ్రి నోటి మాట కొడుకు చేతి రాతలోకి ఎట్ట వచ్చిందో, ఇంట్లో విని ఉంటాడు, చిన్నప్పటి నుంచీ అదే పనితనం అనుకుని ఉంటాడు పాపం, అనుకోనీ. ఆ రోజు ఇట్టాంటి కాగితం ఒక్కటి ఉండి ఉంటే. బిగించి కొట్టమన్నది చెంచురామయ్యే అని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు నోరు తెరిచి ఉంటే. చెప్పిన మాటకు సంతకం లేదు, అందుకని రేకు మాల్యాద్రి మెడలో పడింది. ఇప్పుడు ఆమె వొళ్లో సంతకం ఉంది. ఆ సంతకం చూపించాలంటే మాత్రం సందు సంగతి చెప్పాలి. సందు సంగతి చెప్తే సాయికిరణ్ బాగుపడతాడు. చెప్పకపోతే సాయికిరణ్ మునుగుతాడు, మునుగుతూ పెంచలయ్యను మెడకు కట్టుకుని మునుగుతాడు. అటు తిప్పింది, ఇటు తిప్పింది, రెండూ కలిసి దొరికే దారి లేదు. చెప్పమాక అన్నాడు నాయన. ఎవురు నడిపేది అని అడిగిందీ ఆయనే. పెన్ను తీసింది, ఆర్డరు కాగితం వెనక రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది, బస్సు గుంతలో పడి అక్షరం గీతగా పోయింది.

ఆత్మకూరు బస్టాండు. మూడూ యాభై. స్తంభం అక్కడే ఉంది, ఇనుపది తీసి సిమెంటుది వేశారు, దాని పక్కనే ఎస్టీడీ బూతు, పసుపు రంగు. మధులత ఒక్క రింగుకే ఎత్తింది.

"అక్కా, కరెంటు పోతా వస్తా ఉండాది, బేగ చెప్పు. మొదటిదా, రెండోదా?"

"రెండూ కాదు. రాసుకో."

"అయ్యో, మళ్లీ టైపా?"

"చిన్నదేలే. 'కన్నాలకు కారణం ఆపరేటరు పెంచలయ్య కాదు. రేకుల మధ్య సందు సున్నా ఉండాలని యజమాని సాయికిరణ్ రాతపూర్వకంగా ఆజ్ఞ ఇచ్చారు. కన్నాలకు ఆ ఆజ్ఞే కారణం. సంతకంతో సహా నకలు జతచేశాము.' రాసినావా?"

"యజమాని పేరు కూడానా? కార్ల కంపెనీ వాళ్లు చదువుతారు గదా అక్కా."

"చదవాలనే. ఇంకా రాసుకో. 'పాయింట్ రెండు మిల్లీమీటర్ల సందు వదిలి పన్నెండు సాంపిళ్లు మళ్లీ పంపాలి. సందు తప్ప ఇంకేదీ మారకూడదు. అదే మిషను, అవే రేకులు, అదే ఆపరేటరు పెంచలయ్య. మనిషి మారితే పరీక్ష చెల్లదు.'"

అవతల మధులత టైపు ఆపింది. "వాణ్ని తీసేసినారు గదా."

"తీసేసినోడే పోయి పిలుచుకోవాల. ఇంటికి పోయి పిలుచుకోవాల."

"రాకపోతే?"

"బతిమాలుకోవాల. పరీక్షకు ఒకసారికి ఒక్కటే మార్చేది, అది నా రూలు కాదు, ఎవుర్ని అడిగినా చెప్తారు."

"ఇంత వివరం చెప్తే వాళ్లు సరిచేసుకుంటారు అక్కా. నువ్వేమో..."

"తెలుసు."

తెలుసు. వారం, పది రోజులు. సాయికిరణ్ ఫ్యాక్టరీ నడుస్తుంది, మిషను మీద కొత్త కాగితం అంటిస్తారు, సందు పాయింట్ రెండు అని, తలుపులు బాగా అతుకుతాయి, చెంచురామయ్య అరుగు మీద పేపరు జారదు. అది తలుచుకుంటే కడుపు మండుతోంది ఇంకా, మండనీ. "ఆ పద్ధతి ఎవరిదని రాయాల, ఏ పుస్తకం?" మధులత అడుగుతోంది. రిపోర్టులో పద్ధతి చెప్తే ఆధారం చూపించాలి, అదీ రూలే. కరుణశ్రీ బూతు అద్దంలోంచి స్తంభం వైపు చూసింది. "పుస్తకం కాదు. 'మాల్యాద్రి, గ్యాసు వెల్డరు, చెంచురామయ్య బస్సు బాడీ షెడ్డు, ఆత్మకూరు, 1981' అని రాయి. చెంచురామయ్య పేరు తప్పు లేకుండా రాయి. నకలు ఒకటి సాయికిరణ్‌కి పంపు." మధులత ఒక్కో మాటా మళ్లీ చదివి వినిపించింది. కరెంటు పోకముందే ప్రింటు తీసేస్తానక్కా అంది.

ఫోను పెట్టాక నోట్లోకి మళ్లీ తీపి వచ్చింది. అచ్చం రేకు జరం మొదలయ్యేటప్పటి తీపి. నాయనకు ఏమని రాయాలి, చెప్పినాను అని రాయాలి, ఎందుకో రాయాలి, కార్డు చాలదేమో. స్తంభం అవతల టీ బంకు. నడిచి పోయి నిలబడింది. బంకు ఆయన గ్లాసు కడుగుతూ టీయా కాఫీయా అన్నాడు.

"పాలు. ఊరికే పాలు."

"పాలా? జరమొచ్చిందా అమ్మా?"

"రాకుండా."

గ్లాసు చేతికి రాగానే ఆమె అరచెయ్యి దాని మూతి మీదికి పోయింది. అట్టనే తొణక్కుండా స్తంభం దగ్గరికి నడిచి, అక్కడ నిలబడి, నిదానంగా, ఒక్క చుక్క కూడా కింద పడనివ్వకుండా తాగింది.